ఎత్తిన చెయ్యి

కోత పండుగ ఇంకో వారం ఉందనగానే హన్నా ఇంట్లో ఉన్న పైసలు లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఏటా ఇదే తంతు. చర్చిలో మిగతా ఆడవాళ్ళు ఆ వారమంతా ఏ చీర కట్టుకోవాలా అని ఆలోచిస్తారు. హన్నా మొగుడి కుడిచెయ్యి గురించి ఆలోచిస్తుంది.

జ్ఞానయ్య చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. తాగడు, పేకాడడు, పక్కింటి ఆడదాన్ని కన్నెత్తి చూడడు. నాచారంలో ఒక కంపెనీలో ఇరవై ఏళ్ళుగా లేత్ మిషన్ మీద పని చేస్తున్నాడు, ఒక్కనాడు మాట పడలేదు. ఇన్ని మంచి గుణాలున్న మనిషి ఇంట్లో ఇరవై తారీఖు దాటితే చింతపండు కూడా బదులు తెచ్చుకోవాల్సి వస్తోందంటే దానికి కారణం ఒక్కటే. నలుగురిలో ఒక వస్తువు వేలం పాటకు వచ్చి, దాన్ని ఎవరూ అడక్క, అందరూ నోళ్ళు మూసుకుని కూర్చున్నారంటే చాలు, ఆయన చెయ్యి దానంతట అదే పైకి లేస్తుంది.

కంపెనీ చిట్టీలో ఇంతే. ఈ నెల ఎవరికి కావాలంటే అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు, ఈయన చెయ్యి లేపి సగానికి సగం నష్టానికి పాడుకుని వస్తాడు. ఉప్పల్ సంతలో ఇంతే. అందరూ లేచిపోయాక ఎవరో ముసలమ్మ వాడిపోయిన తోటకూర ముందేసుకుని కూర్చుంటే, ఆ గంప మొత్తం కొనుక్కొస్తాడు. ఆ తోటకూర మేకలు కూడా ముట్టవు.

కానీ అసలు దెబ్బ కోత పండుగనాడే. ఆ రోజు ప్రతి ఇంటివాళ్ళూ తమ కష్టంలో మొదటి ఫలమని ఏదో ఒకటి తెచ్చి దేవుని బల్ల ముందు పెడతారు. ఊళ్ళల్లో అయితే వడ్లు, కందులు తెస్తారు. నాచారంలో పొలాలెక్కడివి? కోళ్ళు, గుడ్లు, చెరుకు గడలు, కాయగూరలు, ఆడవాళ్ళు పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా దేవుని పేర పిడికెడు తీసి దాచిన బియ్యం, ఇవే ఇక్కడి పంట. ఆరాధన అయ్యాక వాటిని పాట పెడతారు, వచ్చిన పైసలు చర్చికి పోతాయి. మంచి పుంజు వస్తే పదిమంది ఎగబడతారు. ఏ వంకర సొరకాయో వస్తే ఎవరూ పలకరు.

అప్పుడు జ్ఞానయ్య పలుకుతాడు. పలికేవాడు ఐదో పదో అనొచ్చు కదా, అనడు. చెయ్యి ఎత్తి "నూరు!" అంటాడు. వెనక నుంచి ఎవడో తుంటరి "నూట పది" అంటాడు. ఈయన "రెండొందలు" అంటాడు. అందరికీ అదొక వేడుక. పోయిన ఏడు ఒక పుచ్చు గుమ్మడికాయ నాలుగు వందలకు ఇంటికి వచ్చింది. కోసి చూస్తే లోపల గింజలు తప్ప తినడానికి ఏమీ లేదు. బయట పల్లకీల మోత, ఇంట్లో ఈగల మోత అని పెద్దలు ఊరికే అన్నారా?

ఈ ఏడు అట్లా జరిగితే మాత్రం కుటుంబం రోడ్డు మీద పడుతుంది. ఇంటి ఓనరు రామచంద్రరావు కొడుకు పెళ్ళని, క్రిస్మస్ లోపల రెండు గదులూ ఖాళీ చేయమన్నాడు. బోడుప్పల్‌లో వీళ్ళకొక చిన్న ప్లాటు ఉంది. అందులో నాలుగు గోడలు లేచి, పైకప్పు లేక, రెండేళ్ళుగా ఆకాశం చూస్తూ నిలబడ్డాయి. రేకులకు సరిపోయే పైసలు ఇప్పుడే జమ అయ్యాయి. హన్నా బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్ పని చేసి, నడుము నొప్పికి మాత్రలు మింగి, రూపాయి రూపాయి కూడబెట్టిన పైసలవి. రేకులు పడితే డిసెంబర్‌లో సొంత ఇంట్లో ఉంటారు. పడకపోతే ఎక్కడ ఉంటారో ఆమెకు తెలియదు.

అందుకే ఆ మంగళవారం పైసలు గుడ్డలో మూటగట్టి పక్కింటి రాములమ్మకు ఇచ్చింది. రాములమ్మ మొగుడు కూడా నాచారంలోనే పని చేస్తాడు. వాళ్ళు చర్చికి పోరు గానీ కోత పండుగ భోజనానికి మాత్రం ఏటా వస్తారు.

"నేను అడిగేదాక ఎవరికియ్యకు రాములక్కా. మా ఆయన అడిగినా ఇయ్యకు."

"ఇయ్య, ఫికర్ జెయ్యకు. మరొకటి అడుగుత, ఏమనుకోకు. మీ పాటల పైసలు అప్పటికప్పుడే గట్టాల్నా?"

హన్నా ఆ సంగతి ఆలోచించనే లేదు. అప్పటికప్పుడు కట్టనక్కరలేదు. నెల లోపల కడితే చాలు. దేవుని అప్పు కాబట్టి అన్నిటికన్నా ముందు అదే కడతారు.

"మరి మూట నా దగ్గరుంటే ఏం లాభమమ్మా?" అంది రాములమ్మ.

ఇద్దరూ కాసేపు మూట వైపు చూశారు. తర్వాత నవ్వారు. హన్నాకు ఆ నవ్వుకు కూడా ఓపిక చాలలేదు.

మర్నాడు ఆమెకు సెలవు. మధ్యాహ్నం గడప దగ్గర కూర్చుని అత్త సత్తమ్మతో కలిసి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. సత్తమ్మకు డెబ్బై దాటాయి. చూపు తగ్గినా రాళ్ళు మాత్రం వేళ్ళతోనే పట్టేస్తుంది. కోడలు ఎంత గొణిగినా ఎదురు చెప్పే మనిషి కాదు, వినేసి ఊరుకుంటుంది. ఆ ఊరుకోవడం చూసి హన్నాకు ఇంకా మండుతుంది.

"ఆ చెయ్యి ఇరిగిపోయినా బాగుండు అత్తమ్మా," అంది ఆ రోజు. "దేవుడు నన్ను ఏమన్న గానీ. ఆ చెయ్యి ఇరిగి మూలకు పడ్డా నేనే ముద్దలు గలిపి పెట్టుకుందు."

సత్తమ్మ వేళ్ళు చేటలో ఆగిపోయాయి.

"అట్లనకు బిడ్డా."

"ఎందుకనొద్దు?"

"మీ మామ చెయ్యి యాదికున్నదా నీకు?"

యాదికి లేకేం. హన్నా కాపురానికి వచ్చాక మామ ఏలియా మూడేళ్ళు బతికాడు. ఆయన కుడి భుజం ఎడమ భుజం కన్నా ఎత్తుగా ఉండేది. అన్నం తింటుంటే ముద్ద నోటి దాకా పోయేది కాదు, నోరే ముద్ద దగ్గరికి వంగేది. చిన్నప్పుడు బండి మీది నుంచి పడ్డాడని ఇంట్లో చెప్పేవాళ్ళు.

"బండి లేదు, గిండి లేదు," అంది సత్తమ్మ. చేట పక్కన పెట్టింది. "గప్పుడు నీ మొగడు నా కడుపుల ఉన్నడు. ఏడు నెలలు. ఆ ఏడు వానల్లేవు. సర్కారుకు కొలిసే గల్లా వడ్లు మేం కొల్వలేదు. ఏడికెళ్ళి కొలుస్తం? దొర మనుషులొచ్చి కొట్టంలున్న ఆవును ఇప్పుకపోయిన్రు. దొర ఉండే గడి ముందట పాట పెట్టిన్రు. ఊరంత వచ్చింది. నలభై రూపాయల ఆవది, పూటకు మూడు శేర్ల పాలు. ఎవడన్న నోరు దెరుస్తడా? దొర మనిషి రెండు రూపాయలన్నడు. అంతే, ఇగ చప్పుడు లేదు. గంత మంది ఉన్నరు, అందరు మనోళ్ళే, మా పాలు తాగినోళ్ళే. ఒక్కడు పల్కలేదు."

ఆమె కొంగుతో నోరు తుడుచుకుంది.

"మీ మామ చెయ్యి లేపిండు. ‘ఐదు రూపాయలు’ అన్నడు. మొలల ఒక్క పైస లేదు. తన ఆవును తనే పాడిండని దొర నవ్విండు. దొర నవ్వితే ఊరంత నవ్వింది. ‘బాగ లేపినవ్‌ రా చెయ్యి, గట్లనే ఉంచు, పొద్దుగూకేదాక దించినవంటే తోలు దీస్త’ అన్నడు. ఎండల నిలబెట్టిన్రు. పొద్దుగూకింది. అందరు ఇండ్లకు పోయిన్రు. దించమని చెప్పేటోడు ఒక్కడు రాలేదు. గట్లనే నిలబడ్డడు."

"మరి నువ్వు?"

సత్తమ్మ పక్కన పెట్టిన చేటను మళ్ళీ ఒళ్ళోకి లాక్కుంది.

"భయమయింది బిడ్డా. కడుపుల పిల్లగాడు. ఇంట్ల దీపం గూడ పెట్టక కూసున్న. నేను పోయి ఆ చెయ్యి దించితే అయిపోవు. పోలేదు. ఎప్పుడో ఆయనే వచ్చిండు. చెయ్యి ఇంక పైకే ఉన్నది, నూనె వెట్టి రుద్దినా సక్కగ కిందికి రాలేదు. ఆ ఏడు సంధి చర్చిల గానీ సంతల గానీ, ఎక్కడ పాట వెట్టినా, ఎవరు పల్కకుంటే ఆయన పలికేటోడు. కూలి పైసలన్ని గట్లనే పోయినయి. పిల్లలు జొన్న గట్క తాగి పండుకున్నరు. మన జ్ఞానయ్య అది జూసే పెరిగిండు."

హన్నాకు ముందు వచ్చింది జాలి కాదు, కోపం. ఇరవై ఏళ్ళుగా ఆమె ఆ ఇంట్లో చాకిరీ చేస్తోంది. పుచ్చు గుమ్మడికాయలకు తన నడుము నొప్పి ధారపోసింది. ఇన్నేళ్ళూ ఈ ముసలిది ఈ మాట కడుపులో పెట్టుకుని రాళ్ళు ఏరుతూ కూర్చుందా?

"ఆయనకెందుకు చెప్పలేదు?"

"మీ మామ ఒట్టు వెట్టిచ్చుకున్నడు. సిగ్గు బిడ్డా. నలుగుట్ల నవ్వించుకున్నోనికి గా సిగ్గు సచ్చేదాక పోదు."

ఆ సాయంత్రం జ్ఞానయ్య డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాడు. హన్నా అన్నం పెట్టి, దాచడం చేతకాక, ఉన్నదున్నట్టు మొత్తం చెప్పేసింది. నిజం తెలిస్తే మనిషి మారిపోతాడని ఆమె ఆశ. అంత తేలికైతే ప్రపంచంలో ఇన్ని కష్టాలు ఎందుకుంటాయి?

ఆయన సగం తిని ఆగిపోయాడు. మూలన మంచంలో గోడ వైపు తిరిగి పడుకున్న తల్లిని చూశాడు.

"మా నాయిన దేవునికిచ్చిండు," అన్నాడు. "ఉన్ననాడిచ్చిండు, లేన్నాడిచ్చిండు. పాస్టర్లు మా నాయిన పేరు జెప్పి ప్రసంగం జేసేటోళ్ళు. ఆయన ఎవని ముందట చెయ్యి లేపి నిలబడలేదు. ఇంకోసారి గా ఆవు ముచ్చట నా ముందట తియ్యకు."

కంచంలో చెయ్యి కడిగేసి లేచిపోయాడు. తండ్రి వదిలి వెళ్ళిన పొలం లేదు, ఇల్లు లేదు. ఉన్నదల్లా ఆ మంచి పేరే, దాన్ని కూడా పెళ్ళాం లాగేసుకుంటానంటే ఏ మగవాడు ఊరుకుంటాడు? హన్నాకు అదీ అర్థమయింది. అర్థమైతే మాత్రం రేకులు వస్తాయా?

ఆదివారం వచ్చింది. చర్చి నిండిపోయింది. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క చాపల మీద కూర్చున్నారు. ఆరాధన అయ్యేసరికి భోజనానికి వచ్చిన రాములమ్మ చెప్పులు విడిచి గుమ్మం దగ్గర నిలబడింది. పాట పెట్టేది జోసఫ్. చర్చి పెద్దల్లో చిన్నవాడు, గొంతు పెద్దది, నవ్వించడం బాగా తెలుసు. మొదట పుంజును ఎత్తాడు. ఒకరి మీద ఒకరు పాడారు, మంచి ధర పలికింది. పిడికెడు బియ్యం మూటలు పోయాయి. చెరుకు పోయింది. జ్ఞానయ్య చేతులు కట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. హన్నా ఊపిరి కొంచెం కొంచెంగా వదులుతోంది.

అప్పుడు జోసఫ్ ఒక గుమ్మడికాయ ఎత్తాడు.

"ఇది మన సత్తమ్మ పెద్దమ్మ కానుక!"

హన్నాకు ఆ కాయ సంగతి తెలుసు. పోయిన ఏడు నాలుగు వందలు పోసిన ఆ పుచ్చు గుమ్మడికాయ గింజలను సత్తమ్మ పారేయనివ్వలేదు. ఎండబెట్టి, బోడుప్పల్‌కు బస్సులో తీసుకుపోయి, కప్పులేని ఆ నాలుగు గోడల మధ్య నాటింది. తీగ గోడెక్కింది. ఒక్కటే కాయ కాసింది, అదీ రెండు ఇటుకల సందులో ఇరుక్కుని పెరిగి ఒక పక్క అణిగిపోయింది. చూడటానికి వాచిన దవడలా ఉంది.

"పాడుండ్రి! ఎవరు పాడుతరు?"

ఎవరూ పాడలేదు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. ఎవరో పిల్ల దగ్గింది. జోసఫ్ నవ్వుతూ మగవాళ్ళ వైపు, ఒకే మనిషి వైపు చూశాడు. చాలామంది అటే చూస్తున్నారు. వేడుక మొదలవుతుందని అందరికీ తెలుసు.

జ్ఞానయ్య కట్టుకున్న చేతులు విడిపోయాయి. కుడిచెయ్యి ఒడిలోంచి లేచింది, ఛాతీ దాటింది, తల దాటింది. ఆయన ముఖంలో దానం చేసేవాడి సంతోషం లేదు. ఇరవై ఏళ్ళలో మొట్టమొదటిసారి హన్నా చేతిని కాకుండా ముఖాన్ని చూసింది. భయపడిన పిల్లవాడి ముఖం అది.

ఆయన నోరు తెరిచేలోపే ఆమె అరిచింది.

"పది రూపాయలు!"

ఆ చర్చిలో ఆడవాళ్ళు పాట పాడిన చరిత్ర లేదు. కావాలంటే మొగుడికి సైగ చేస్తారు. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది. జోసఫ్ ఒక్క క్షణం తబ్బిబ్బయ్యాడు.

"వదినె పాడింది, పది రూపాయలు! జ్ఞానన్న చెయ్యి గూడ లేసింది. ఎంత అన్నా?"

వెనక నుంచి ఎవరో అన్నారు, "సొంత కాయను మొగడు పెండ్లాలే పాడుకుంటున్నరు!"

చర్చి అంతా గొల్లుమంది. అందులో చెడ్డ మనసు ఎవరికీ లేదు. పండుగ పూట, ఆకలి పూట, నవ్వు తొందరగా వస్తుంది. కానీ హన్నాకు గడి ముందటి నవ్వు గుర్తొచ్చింది. తను ఎత్తిన నోటితో ఆ నవ్వు తనే తెచ్చిపెట్టింది. సొంత ఆవు, సొంత కాయ. చుట్టూ నవ్వు. మధ్యలో ఆ చెయ్యి పైకి లేచి అట్లాగే నిలబడిపోయింది. జ్ఞానయ్య "నూరు" అనలేదు. ఏమీ అనలేదు. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. చెయ్యి మాత్రం దిగడం లేదు.

హన్నా పక్కన చాప కదిలింది. సత్తమ్మ లేస్తోంది. మోకాళ్ళ మీద చేతులు వేసి, కోడలి భుజం పట్టుకుని లేచింది. ఆడవాళ్ళ చాపలు దాటింది. మధ్యలో దేవుని బల్ల ముందు నుంచి, జోసఫ్ ముందు నుంచి, మెల్లగా మగవాళ్ళ వైపు నడిచింది. నవ్వులు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియదు.

కొడుకు దగ్గర నిలబడింది. పైకి లేచి ఉన్న ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"దించు కొడుకా," అంది. "పొద్దుగూకింది. ఇగ దించు."

బయట మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తోంది. ఆ మాట విని కొందరు ముసలామెకు మతి తప్పిందనుకున్నారు. చెయ్యి ఒక్కసారిగా దిగలేదు. బిగుసుకుపోయి ఉంది. ఆమె భుజం దగ్గర నిమిరింది, మోచేయి దగ్గర నిమిరింది. ఎప్పుడో నూనె పెట్టి రుద్దినట్టే రుద్దింది. అప్పుడు కొంచెం కొంచెంగా కిందికి వచ్చింది. ఆ చేతిని ఆమె తన కొంగులో పెట్టుకుని అక్కడే కింద కూర్చుంది. జ్ఞానయ్య తల వంచుకుని, నలభై నాలుగేళ్ళ మనిషి, అందరి ముందూ ఏడ్చాడు.

 కాయ ఇంకా జోసఫ్ చేతుల్లోనే ఉంది.

"పదిహేను!" అంది గుమ్మం దగ్గర నుంచి రాములమ్మ. "అట్ల జూస్తరేందయ్యా? నాకు పులుసుకు గావాలె. పదిహేను రూపాయలు."

"ఇరవై," అంది ఆడవాళ్ళలోంచి ఇంకెవరో, మెల్లగా.

"ఇరవై రెండు," అంది రాములమ్మ.

జోసఫ్ గొంతు సవరించుకున్నాడు. ఈసారి నవ్వించలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని మామూలుగా చెప్పి కాయను రాములమ్మకు ఇచ్చేశాడు. తర్వాత గుడ్లు పాటకు వచ్చాయి. ఆ తర్వాత ఏం వచ్చాయో హన్నా చూడలేదు.

ఇంటికి పోతుంటే సత్తమ్మకు కాళ్ళు లాగాయి. ఆదివారం కాబట్టి కంపెనీల రోడ్డు ఖాళీగా ఉంది. మూసేసిన టీ కొట్టు ముందు బల్ల మీద ముగ్గురూ కూర్చున్నారు. హన్నాకు ఒళ్ళంతా పులిసినట్టుంది. సంతోషించాలని తెలుసు గానీ, అందుకు కూడా కాసేపు పడుకుని లేవాలనిపించింది.

"రేపు సెలవు వెడత," అన్నాడు జ్ఞానయ్య, రోడ్డు వైపు చూస్తూ. "రాములక్క దగ్గర మూట దీస్కో. రేకులకు పోదాం."

మూట సంగతి ఆయనకు ఎట్లా తెలిసిందో హన్నా అడగలేదు. సరేనంది. వచ్చే ఏడు ఆ చెయ్యి ఏం చేస్తుందో ఎవరికి తెలుసు? ఈ ఏడుకు మాత్రం నెత్తి మీద కప్పు ఉంటుంది.

జ్ఞానయ్య కుడి భుజం మెల్లగా రుద్దుకున్నాడు. తర్వాత ఆయన తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, గా ఆవు పేరేంది?"

సత్తమ్మ మసకబారిన కళ్ళు ఎత్తి కొడుకును చూసింది.

"నల్లగ ఉండేది, కర్రి అనేటోడు మీ నాయిన. ఆయన ‘కర్రీ’ అని ఒక్కసారి పిలిస్తె ఎంత దూరమున్నా ఉరికొచ్చేది."

"మరి ఆ దినం పిలవలేదా?"

"లేదు కొడుకా," అంది సత్తమ్మ. "పిలిస్తె అది పలుపు తెంపుకొని వస్తది గదా. వస్తె దాన్ని గొడుతరు."